కుడి పక్కన ఎవరూ లేరు

వైసినా, సవాయి దీవి
ఫిబ్రవరి 2023

చెల్లీ సోసే,

నీ పెట్టె అందింది. ఓడ మీద సామాను దింపేవాళ్ల చేతివాటం నీకు తెలియంది కాదు. అయినా సబ్బులూ, గొడ్డుమాంసం డబ్బాలూ, దుప్పట్లూ, కంటి చుక్కల సీసాలూ క్షేమంగా చేరాయి. చాక్లెట్ పొట్లం మాత్రం మాయమైంది. తిన్నవాడికి అరగకూడదని సాయంత్రం ప్రార్థనలో ఒక మాట కలిపాను.

ఈ కాలంలో ఉత్తరాలేమిటి, ఫోన్ చేయొచ్చుగా అని రాశావు. ఆస్ట్రేలియాలో గోడల మధ్య బతికి బతికి మన ఇల్లు ఎలా ఉంటుందో మర్చిపోయినట్టున్నావు. మన ఇంటికి స్తంభాలున్నాయి గానీ గోడలున్నాయా? నేనిక్కడ ఫోన్లో దగ్గితే పాస్టరుగారి వంటింట్లో కషాయం పెడతారు. నీకూ నాకూ మధ్య మాటలు ఊరివాళ్లకి కాలక్షేపం కావడం నాకిష్టం లేదు. కాగితానికి నోరుండదు, వెలుగుతో కంట్లో పొడవదు.

కన్ను ఎలా ఉందని అడిగావు. నిరుడు కరోనా వచ్చి ఊరు ఊరంతా చాపకి అంటుకుపోయింది కదా. నాకు జ్వరం పోయింది, దగ్గు పోయింది, కుడి కన్ను మాత్రం ఎర్రగా మిగిలింది. ఆరోగ్యకేంద్రానికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఆ పిల్ల మొహం చూస్తే ఇంకా పాలపళ్లు ఊడినట్టు లేదు. "అమ్మా, కరోనా తగ్గింది గానీ కంటి లోపల వాపు మిగిలింది. ఈ చుక్కలు కొన్ని వారాలే వెయ్యాలి. ఆ తర్వాత కూడా నెలనెలా వచ్చి చూపించుకోండి. కరోనా తర్వాత కళ్లని చాన్నాళ్లు కనిపెట్టి ఉండాలి" అంది. నెలనెలానట! వచ్చిన చుట్టం వెళ్లిపోయాక ఆయన కూర్చున్న చోట రోజూ విస్తరి వేస్తామా? నేను మళ్లీ వెళ్లలేదు. ఆమె ఇచ్చిన సీసా అయిపోయే వేళకి నిరుడు నువ్వు మొదట పంపిన సీసాలు వచ్చాయి. కన్ను ఎర్రబడితే ఒక చుక్క, అంతే, మబ్బు విడినట్టు పోతుంది. ఇక డాక్టరమ్మ ఎందుకు, దండగ.

నా కళ్లకి ఏ లోటూ లేదనడానికి సాక్ష్యం నీ కూతురి పెళ్లికి అల్లుతున్న సన్నచాపే. మొగలి ఆకుని దారంలా చీల్చి అల్లుతున్నాను. అల్లికశాలలో మిగతా ఆడవాళ్లు అల్లేవి చాపలా? వాటి సందుల్లోంచి పంది పిల్ల దూరిపోతుంది. ఆ మాటే అంటే మూతులు తిప్పుకున్నారు.

కోడలు వాలెలియా సంగతి అడక్కు. నీళ్ల బకెట్టు తెచ్చి సరిగ్గా నేను నడిచే దారిలో పెడుతుంది. నిన్న కాలు తగిలి నీళ్లన్నీ ఒలికాయి. "అత్తమ్మా, అది రోజూ ఉండే చోటే కదా" అంటుంది, అమాయకపు మొహం పెట్టి. నా కొడుకు ఏం చూసి చేసుకున్నాడో గానీ, బకెట్టు పెట్టే తెలివి మాత్రం చూడలేదు.

చుక్కలు ఇంకొన్ని పంపు.

నీ అక్క,
ఫువాతినో


లోగన్, బ్రిస్బేన్ దగ్గర
మార్చి 2023

అక్కా,

నీ ఉత్తరం చదివితే పచ్చిమిరపకాయ కొరికినట్టుంది. ఇక్కడి తిండి చప్పగా ఉంటుంది కాబట్టి అదీ ఒక మేలే.

వాలెలియాని అన్నేసి మాటలనకు. వృద్ధాశ్రమంలో బట్టలు ఉతికే చోట నేను పనిచేస్తున్నాను. కోడళ్లని తిట్టిన అత్తలందరూ చివరికి ఎక్కడ తేలతారో రోజూ చూస్తున్నాను. వాళ్ల దుప్పట్లు మడతపెట్టేది నేనే.

చుక్కల సంగతి. నాకు కరోనా తర్వాత కళ్లు మండుతుంటే ఇక్కడి డాక్టరు ఇవే ఇచ్చాడు, మంట తగ్గాక ఆపేయమన్నాడు. మిగిలిన సీసాలే నీకు పంపాను. ఇప్పుడు నా దగ్గర లేవు. కానీ నీ చెల్లెలు ఊరికే కూర్చునే రకమా? ఆదివారం ఆరాధన అయ్యాక మనవాళ్ల మధ్య నిలబడి, "మా అక్కకి కంటి చుక్కలు కావాలి, ఎవరింట్లో మిగిలి ఉన్నా తెండి" అన్నాను. చూడాలి నువ్వు! మరుసటి వారానికి బుట్ట నిండింది. కరోనా తర్వాత కళ్లు మండని వాళ్లే లేనట్టున్నారు ఈ చర్చిలో. సగం వాడినవీ, మూత తీయనివీ, చిన్నవీ, పెద్దవీ. రంగు రంగుల మూతలు. నీ సీసా మూత ఏ రంగో అవే ఏరి పంపుతున్నాను. మనవాళ్ల మనసు ఎంత మంచిదో!

నువ్వు ఇక్కడివాళ్లని గోడల మనుషులు అని వెక్కిరిస్తావు గానీ, నీ ఊళ్లో ఎవరైనా ఇలా బుట్ట నింపారా?

పెళ్లి చాప ఎంతవరకూ వచ్చింది? నా కూతురు లుపే ఫోటో కావాలంటోంది. ఫోటో తీసేవాళ్లని కసరకుండా తీయించి పంపు.

నీ చెల్లెలు,
సోసే


వైసినా
మే 2023

చెల్లీ,

నీ చర్చి బుట్టకి వందనాలు. ఒక ఏడాదికి సరిపడా ఉన్నాయి. నువ్వు గొప్ప చెప్పుకున్న తీరు చూస్తే ఆ చుక్కలు నువ్వే కన్నీళ్లు పిండి నింపినట్టుంది.

ఈ ఊరికి ఏదో పట్టింది సోసే. మనుషులందరూ పిల్లుల్లా చప్పుడు చేయకుండా నడవడం మొదలుపెట్టారు. ఎప్పుడు వస్తారో తెలీదు, పక్కన ప్రత్యక్షమై ఉలిక్కిపడేలా చేస్తారు. నేను అరిస్తే నవ్వుతారు. బస్సు దగ్గర ఒకడు సైకిల్ తెచ్చి నా కుడి మోకాలికి ఆనించి నిలబెట్టాడు. "చూసి నడవండి అమ్మమ్మా" అంటాడు పైపెచ్చు! సైకిల్ నిలబడే ఉందట, నేనే వెళ్లి గుద్దానట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బండి పెట్టే చోటు తెలియనివాడు నాకు నడక నేర్పుతాడు.

పాస్టరుగారి భార్య ఎలిసపేతకి గర్వం తలకెక్కింది. చర్చి మెట్ల మీద కుడి పక్క నిలబడి ఉందట, నేను పలకరించకుండా పోయానట, ఊరంతా చెప్పుకుని తిరుగుతోంది. అక్కడ ఉంటే కదా పలకరించడానికి! తెల్ల బట్టలు, తెల్ల టోపీ వేసుకున్న అంత మనిషి ఉంటే నాకు కనబడదా?

నిన్న వాలెలియా మరిగిన కోకో కుండ తెచ్చి నా మోచేతి పక్కనే పెట్టింది. చెయ్యి కాలింది. నేనేమన్నానో ఆ స్తంభాలు విన్నాయి, ఊరూ విన్నది. దానికి ఏడుపొచ్చింది. ఏడవనీ. కళ్లు శుభ్రపడతాయి, చుక్కలు కూడా అక్కర్లేదు.

చాప బాగా వస్తోంది. అల్లుతూ కూర్చున్నప్పుడే ప్రశాంతంగా ఉంది. ఎదురుగా ఉన్నది ఎదురుగానే ఉంటుంది, పక్కనుంచి వచ్చి మీద పడదు.

అక్క


లోగన్
జూన్ 2023

అక్కా,

ఈసారి కుశలప్రశ్నలు లేవు. నువ్వు చేసిన నిర్వాకం సముద్రం దాటి ఇక్కడికి వచ్చేసింది. ఆరాధన మొదలవకముందే చర్చి గుమ్మంలో నలుగురు నన్ను చుట్టుముట్టారు. నువ్వు రాస్తావేమోనని చూశాను. సైకిల్ గురించి రాస్తావు, కోకో గురించి రాస్తావు, ఇది మాత్రం నీ కలానికి రాలేదు.

కొత్త అల్లికశాల ప్రారంభం. ఊరి పెద్దలందరూ స్తంభాలకి ఆనుకుని కూర్చున్నారు. పాస్టరుగారూ, ఎలిసపేతా కూర్చున్నారు. నువ్వు లోపలికి వచ్చి, ఊరిపెద్ద మొహానికి నీ లంగా అంచు తగిలేంత దగ్గరగా, నిటారుగా, సైన్యాధిపతిలా నడుచుకుంటూ పోయావట! నడుం వంచలేదు. "తులౌ" అన్న ఒక్క మాట నీ నోట రాలేదు.

మనకి అమ్మ నడక నేర్పిన రోజే నడుం వంచడం నేర్పింది. "కూర్చున్న మనుషుల ముందు నుంచి 'తులౌ, మన్నించండి' అనకుండా పోయేది కుక్క ఒక్కటే. దానికి కూడా తోక కిందికి ఉంటుంది" అనేది. నీకు తోక కూడా కిందికి దిగలేదన్నమాట.

ఊరి సభ పంది జరిమానా వేసిందట. అది కట్టి ఊరుకున్నావట. మన్నించమని అడగలేదట. అందరూ ఏమంటున్నారో తెలుసా? "ఫువాతినో సంగతి తెలిసిందే కదా, దానికి కళ్లు నెత్తికెక్కాయి" అంటున్నారు. నేను కాదనలేకపోయాను. నిన్ను వెనకేసుకు రావడానికి నాకు ఒక్క మాట దొరకలేదు. నీ నోరు నాకు తెలుసు. ముప్పై మందిని ముప్పై రకాలుగా వెక్కిరించిన నోరు. అది పొగరే అయి ఉంటుందని నేనూ నమ్మాను.

రేపే వెళ్లి మన్నించమని అడుగు. లేకపోతే లుపే పెళ్లికి నీ చాప తెచ్చి విప్పినప్పుడు, మనవాళ్లు చూసేది అల్లిక కాదు, అల్లినదాని కొవ్వు.

సోసే


వైసినా
జులై 2023

సోసే,

ఆ పక్కన ఎవరూ లేరు.

నా ఎడమ పక్క ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్ల ముందు వంగాను, తులౌ అన్నాను, కావాలంటే అడుగు. కుడి పక్క స్తంభాలున్నాయి, అంతే. స్తంభాలకి కూడా వంగమంటావా? నేను దాటిపోయాక ఎప్పుడో వచ్చి కూర్చుని, "మమ్మల్ని అవమానించింది" అని గోల పెట్టారు. ఊరిపెద్దకి పంది మాంసం మీద ఎప్పట్నుంచో కన్ను. నా పందిని తిన్నాడు. పందికి ఉన్న పాటి సిగ్గు కూడా లేకుండా తిన్నాడు.

నేను మన్నించమని అడగను. చేయని తప్పుకి నడుం వంచితే ఆ నడుం మళ్లీ లేవదు.

నువ్వూ వాళ్ల మాటే నమ్మావు. నమ్ము. ఆస్ట్రేలియాలో నీకు గోడలు దొరికాయి, ఇప్పుడు చెవులు కూడా కొత్తవి దొరికాయి.

ఫువాతినో


లోగన్
ఆగస్టు 2023

అక్కా,

నీ ఉత్తరం చదివి మూడుసార్లు తిట్టుకున్నాను. నాలుగోసారి తిట్టబోయి ఆగాను. ఎందుకో చెబుతాను, కోపం పక్కనపెట్టి చదువు.

పోయిన వారం కళ్లద్దాలు మార్చుకోవడానికి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. కంట్లోకి ఫూ మని గాలి ఊదే యంత్రం పెట్టాడు. నేను బిగుసుకుపోయి కూర్చుంటే నవ్వి, "మీకు కరోనా తర్వాత వాడిన చుక్కలు ఆపేశారుగా? అవి ఎక్కువ నాళ్లు వేస్తే కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, కన్ను హాయిగానే ఉంటుంది. నరం మాత్రం నెమ్మదిగా చచ్చిపోతుంది. నీటికాసులు అంటారు. పోయిన చూపు మళ్లీ రాదు" అన్నాడు.

నేను ఆపేశానని చెప్పాను. నేను ఆపేశాను, నువ్వు ఆపలేదు. ఆపకుండా ఉండటానికి బుట్టెడు పంపింది నేను. నా డాక్టరు ఆపమంటే నేను ఎందుకని అడగలేదు, నీకు పంపేటప్పుడు కూడా అడగలేదు. మంచి మనసులు అని చంకలు గుద్దుకున్నాను.

ఇంటికి వచ్చి నీ ఉత్తరాలన్నీ నేల మీద పరిచి మళ్లీ చదివాను. బకెట్టు. సైకిల్ నీ కుడి మోకాలికి. ఎలిసపేత మెట్ల మీద కుడి పక్క. కోకో కుండ నీ మోచేతి పక్కన, ఏ చేయి కాలిందో రాయలేదు, కానీ నాకు తెలుసు. ఊరిపెద్ద కూర్చున్నది కుడి పక్క. అక్కా, ఈ ఊరంతా కట్టకట్టుకుని నీ కుడి పక్కనుంచే ఎందుకు మీద పడుతోంది? నీ ఎడమ పక్కవాళ్లందరూ అంత మంచివాళ్లెందుకయ్యారు?

నీతో వాదించి గెలవడం నా తరం కాదు. అమ్మ తరం కూడా కాలేదు. అందుకని వాదించను. ఒక పని చెయ్యి. ఇక్కడ ఆగు. ఎడమ కన్ను అరచేత్తో గట్టిగా మూసుకో. వేళ్ల సందుల్లోంచి దొంగచూపులు చూడకు, నీ సంగతి నాకు తెలుసు. మూసుకుని, కుడి కంటితో కింది వాక్యం చదువు.

నా చెల్లెలు సోసే బుద్ధితక్కువది, ఎప్పుడూ నాదే రైటు.

చదవగలిగితే నా తప్పు ఒప్పుకుని, చర్చి గుమ్మంలో నిలబడి నిన్ను వెనకేసుకొస్తాను. చదవలేకపోతే ఏం చెయ్యాలో నీకు నేను చెప్పక్కర్లేదు.

సోసే


వైసినా
ఆగస్టు చివర

సోసే,

నువ్వు చెప్పినట్టే మూసుకున్నాను. కాగితం లేదు. కాగితం పట్టుకున్న చెయ్యి లేదు. సముద్రం వైపు తిరిగాను, అంత సముద్రమూ లేదు. ఉడుకుతున్న కుండ మీది ఆవిరిలాంటిది ఒకటి, పైన ఒక మూల కాస్త వెలుగు. అంతే.

చెయ్యి తీసి, ఎడమ కంటితో చదివాను. ఇన్నాళ్ల నుంచీ నీ నోట వినాలని ఆశపడిన వాక్యం రాసి, సరిగ్గా దాన్నే నేను చదవలేకుండా చేశావు. నీ అంత దుర్మార్గురాలు ఈ దీవుల్లో పుట్టలేదు.

నిజం చెప్పమంటావా? ఆ పక్క మసకబారిందని తెలుసు. బొత్తిగా ఆరిపోయిందని తెలీదు. తెలిసీ తెలియనట్టు ఉన్నాను. బకెట్టుని తిడితే బకెట్టుదే తప్పవుతుంది కదా.

ఇప్పుడు విను. ఎవరికీ చెప్పొద్దు. నేను అపియా పెద్దాసుపత్రికి వెళ్లను. వెళ్లానంటే ఎందుకు వెళ్లానో ఊరికి తెలుస్తుంది. అల్లికశాలలో నేను చూసి బాగుందంటేనే ఏ చాపయినా బయటికి వెళ్తుంది. ముప్పై ఏళ్లుగా వాళ్ల అల్లికల్ని ఈ కళ్లతోనే వెక్కిరించాను. రేపట్నుంచి గుడ్డిదాని మెప్పు ఎవరికి కావాలి? చాపలు తెచ్చి నా ముందు పరచడం మానేసి, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తారో దుంప మెత్తగా నలిపి నోట్లో పెడతారు. జాలిపడతారు సోసే! ఆ ఎలిసపేత నా మీద జాలిపడుతుంది!

పొగరుబోతు అననీ. ఆ పేరు నాకు అలవాటే, ఒంటికి సరిపోతుంది. గుడ్డిది అన్న పేరు నేను మోయలేను. భయమేస్తోంది. ఈ మాట ఎవరికీ రాయలేదు, నీకు రాస్తున్నాను.

ఎడమ కన్ను ఉందిగా. అది చాలు.

అక్క


లోగన్
సెప్టెంబరు 2023

అక్కా,

గుడ్డి కన్నా మెల్ల నయమంటారు. నీకు మెల్ల కూడా మిగలదు. ఎరుపు అనిపించినప్పుడల్లా ఎడమ కంట్లో కూడా ఒక చుక్క వేసుకునే ఉంటావు, నాకు తెలుసు, ఏదీ వృథా పోనివ్వవు నువ్వు. అది కూడా ఆరిపోయాక ఏ చాపని వెక్కిరిస్తావు? తడిమి చూసి వెక్కిరిస్తావా?

ఎవరికీ చెప్పొద్దన్నావు. సరే. ఈ ఉత్తరం తెచ్చినవాళ్లు నీ చేతికి ఇచ్చిన రోజు నాకు కబురు చేస్తారు. ఆ తర్వాత వచ్చే బుధవారం ఓడకి నువ్వు ఎక్కాలి. సీసాలన్నీ బుట్టతో సహా తీసుకెళ్లాలి. ఎక్కలేదని తెలిస్తే, గురువారం పొద్దున్న, ఊరంతా ఇళ్లల్లో ఉండే వేళ చూసుకుని, వాలెలియాకి ఫోన్ చేస్తాను. స్పీకర్ పెట్టమంటాను. గట్టిగా, ఒక్కో మాటా ఒత్తి పలుకుతాను.

మన ఇంటికి గోడలు లేవక్కా.

ఈ బెదిరింపు రాస్తూ ఏడుస్తున్నాను. అది నువ్వు చూడలేవు కాబట్టి రాస్తున్నాను. నువ్వు నన్ను తిడుతూ ఇంకో ఇరవై ఏళ్లు ఉత్తరాలు రాయాలి. నీ చేత్తో రాయాలి, ఇంకొకళ్లకి చెప్పి రాయించకూడదు. ఇంకొకళ్లు రాస్తే ఆ తిట్లలో రుచి ఉండదు.

సోసే


వైసినా
నవంబరు 2023

సోసే,

రౌడీలు కత్తులు చూపిస్తారు, నా చెల్లెలు ఫోన్ చూపించింది. బుధవారం ఓడ ఎక్కాను. చెడ్డ ఓడ, చెడ్డ సముద్రం, పక్కన కక్కుకుంటున్న మనిషి. కుడి పక్కన కూర్చున్నాడు కాబట్టి చూడక్కర్లేకపోయింది, అదొక్కటే లాభం.

వాలెలియా కూడా వచ్చింది. నేను రమ్మనలేదు. "అత్తమ్మా, నీళ్ల బకెట్టు రోజూ అక్కడే ఉంటుందని నేను చెప్పినప్పుడే మీకు ఆ పక్క కనబడట్లేదని అనుకున్నాను. అంటే తిడతారని ఊరుకున్నాను" అంది ఓడలో. దానికి తెలుసట! ఫిబ్రవరి నుంచీ తెలుసట! అందుకే కోకో కుండ నాకు వినబడేలా చప్పుడు చేసి పెట్టిందట. నేనేమో అది విసురుగా పెట్టిందని తిట్టాను.

అపియా ఆసుపత్రిలో ఎవరు ఎదురయ్యారో చెప్పుకో. అదే డాక్టరమ్మ, పాలపళ్ల పిల్ల, కంటి విభాగానికి మారిందట. నన్ను గుర్తుపట్టింది. "నెలనెలా రమ్మన్నాను కదమ్మా" అని మాత్రం అంది. తిడితే బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. బుట్ట బల్ల మీద బోర్లించాను. ఒక్కో సీసా తీసి పైనున్న పేరు చదివింది. "వీళ్లందరూ ఎవరమ్మా?" అంది. "మా చెల్లెలి చర్చి" అన్నాను. "చర్చి మొత్తం మీ కంట్లో పడింది" అంది. వాలెలియా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

కుడి కన్ను పోయింది. ఇక రాదు. ఎడమ కంట్లో కూడా ఒత్తిడి ఎక్కువగా ఉంది గానీ నరం చాలావరకు బతికే ఉంది. పాత చుక్కలు బంద్. ఒత్తిడి తగ్గించే కొత్త చుక్కలు ఇచ్చింది, రోజూ వెయ్యాలి, బతికున్నంత కాలం వెయ్యాలి, నెలనెలా చూపించుకోవాలి. ఈసారి వెళ్తున్నాను. వెళ్లి ఆ పిల్ల ముందు బుద్ధిగా గడ్డం ఆనించి కూర్చుంటున్నాను.

నీ తప్పని గుండెలు బాదుకోకు. కొన్ని వారాలే వెయ్యమని డాక్టరమ్మ చెప్పింది నా చెవిలో, నీ చెవిలో కాదు. నువ్వు బుద్ధితక్కువగా పంపావు, నేను పొగరుగా వేసుకున్నాను. ఇద్దరం ఒక్క కడుపున పుట్టామని ఎవరూ అనుమానించక్కర్లేదు.

ఇక ఊరి సంగతి. తిరిగొచ్చిన వారం అల్లికశాలలో అందరూ ఉన్నప్పుడు వెళ్లాను. ఊరిపెద్ద ఉన్నాడు, ఎలిసపేత ఉంది. గుమ్మంలోనే నేల మీద కూర్చున్నాను. "ఆ రోజు మీ ముందు వంగలేదు. మీరు కనబడలేదు. నాకు కుడి కన్ను లేదు" అన్నాను. అంతమంది ఆడవాళ్లు ఒకేసారి నోరు మూసుకోవడం నేను పుట్టాక అదే మొదలు.

"మరి చెప్పలేదేం? పొగరని అనుకున్నాం కదా" అంది ఎలిసపేత.

"మీరు అనుకోవడం చూసి నాకు ధైర్యంగా ఉండింది" అన్నాను.

ఊరిపెద్ద గొంతు సవరించుకుని, "మరైతే ఆ పంది మాటేమిటి?" అన్నాడు.

"దాన్ని తిరిగివ్వగలిగిన స్థితిలో మీరు లేరుగా" అన్నాను. ముందు ఆయనే నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఎలిసపేత లేచొచ్చి నా కుడి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. జాలిపడింది, నేను భయపడినట్టే పడింది. చావలేదు నేను. కాస్త దురదగా ఉండింది, అంతే. మర్నాడు యథాప్రకారం చాపలు తెచ్చి నా ముందు పరిచారు. యథాప్రకారం వెక్కిరించాను. ఒకటి రెండు మాత్రం నిజంగా బాగున్నాయి, ఆ మాట కూడా అన్నాను. అందరూ కంగారుపడ్డారు, నాకు ఒంట్లో బాగోలేదేమోనని.

లుపే చాప ముప్పాతిక అయింది. మిగతాది ఎడమ కంటితో పూర్తిచేస్తాను, తొందరపెట్టొద్దని చెప్పు. నువ్వు రాసిన ఆ వాక్యం చింపి నా చాపల మూటలో దాచాను. ఎడమ కన్ను బాగున్నట్టు తెలియాలంటే దాన్ని తీసి చదువుకుంటాను. ఇప్పటివరకూ ప్రతి అక్షరం కనబడుతోంది. అక్షరాలూ బాగున్నాయి, అందులోని సంగతీ బాగుంది.

నడిచేటప్పుడు కొత్త అలవాటు ఒకటి చేసుకున్నాను. కుడి పక్క ఎవరున్నా లేకపోయినా నడుం కాస్త వంచి "తులౌ" అంటూ పోతున్నాను. స్తంభాలకి అన్నాను, అరటి చెట్టుకి అన్నాను. మొన్న ఒక ఆడపందికి అన్నాను. అది చాలా మర్యాదగా మన్నించింది. పిల్లలు నా వెనక వంగి నడుస్తూ వెక్కిరిస్తున్నారు. వెక్కిరించనీ, ఆ విద్య వాళ్లకి నేర్పింది నేనే.

నిన్న పొద్దున కూడా అలాగే ఇంట్లో నడుస్తూ "తులౌ, మన్నించండి" అన్నాను. కొబ్బరినూనె వాసన తగిలింది. తల పూర్తిగా తిప్పి చూశాను. వాలెలియా. నా చేతి కాలిన మచ్చకి రాయడానికి కొబ్బరినూనె గిన్నె పట్టుకుని, ఎప్పట్నుంచి కూర్చుందో, కూర్చుని ఉంది. కోడలిగా ఇంటికొచ్చాక ఇన్నేళ్లలో దానికి నేను మర్యాదగా ఒక మాట అనడం అదే మొదటిసారి. దాని కళ్లనిండా నీళ్లు. నేను అక్కడే కూలబడి ఆ మాట మళ్లీ అన్నాను, ఈసారి చూసి అన్నాను.

కుడి పక్కన ఎవరూ లేరని ఇంక ఎప్పుడూ అనను.

నీ అక్క,
ఫువాతినో